వెదకినది దొరికెను, దొరికినది ఏది?

వెదకుట అనునది ఒక పనివలె కనబడును గాని, నిజమునకు రెండు పనులు. వస్తువు ఎక్కడ ఉన్నదో కనుగొనుట మొదటిది. కనబడినది మనము కోరిన వస్తువేనా అని నిర్ణయించుకొనుట రెండవది. మొదటి పనికి కన్నులు చాలును. రెండవ పనికి గుర్తు కావలెను. వంటింటి అలమరలో ఒకే తీరు డబ్బాలు పది వరుసగా నిలిచి ఉన్నప్పుడు, ఉప్పు ఏది, పంచదార ఏది అని చెప్పునది డబ్బా కాదు, దానిపై అంటించిన చీటీ. రేడియోగల గృహములవారికి ఈ సంగతి వేరుగా చెప్పవలసిన పనిలేదు. పాత రేడియోపెట్టెల అద్దముమీద అంకెలతోపాటు ఊళ్ల పేర్లను కూడ అచ్చువేసెడివారు. ముల్లు త్రిప్పగా ఏదో ఒక కంఠము వినవచ్చును. అది ఏ కేంద్రము, జరుగుచున్నది ఏ కార్యక్రమము, చదువుచున్నవారు ఎవరు అని ప్రకటనకర్త చెప్పినప్పుడే ఆ ధ్వని మనకు వార్త అగును, నాటకము అగును, పాట అగును.

ఈ వ్యాసములో మేము చెప్పదలచినది కంప్యూటరు ప్రోగ్రాముల మూలపాఠములో పేర్లను వెదకిపెట్టు సాధనముల చరిత్ర. ఆ వృత్తివారు సోర్స్ కోడు అని పిలుచు ఈ మూలపాఠమును వ్రాయువారు కొద్దిమంది, చదువువారును కొద్దిమందియే. కాని దానిపై ఆధారపడి బ్రతుకువారము మనమందరము. బ్యాంకులోని మన నిలువ, రైలులోని మన పడక సంఖ్య, విద్యుత్తు బిల్లు, ఆసుపత్రి పరీక్షాఫలితము, అన్నియు ఎవరో ఎప్పుడో వ్రాసిన పంక్తుల చొప్పున నడుచుచున్నవి. ఆ పంక్తులలో మార్పు చేయవలసివచ్చినప్పుడు, దిద్దవలసిన చోటు ఇదియే అనియు, తాకరాని చోటు అది అనియు దిద్దువానికి ఎట్లు తెలియును? గడచిన డెబ్బది సంవత్సరములలో ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానములే ఈ చరిత్ర.

ముందుగా చిక్కు ఎట్టిదో చూతము. పురాణకథల సంపుటమొకటి తీసికొని "రాముడు" అను అక్షరములను వెదకుమని ఒక బాలునికి చెప్పినామనుకొందము. వాడు శ్రద్ధగల బాలుడైనచో పరశురాముని, బలరాముని కూడ తెచ్చి మన ముందు నిలుపును. కథ నడుమ ఎవరో పౌరుడు తన కుమారునికి పెట్టుకొన్న పేరును కూడ చూపును. దాశరథి, రాఘవుడు అను పేర్లు గల పుటలను మాత్రము విడిచిపెట్టును. వానిది తప్పు కాదు. అక్షరములు వెదకుమంటిమి, అక్షరములు వెదకినాడు. వాడు తెచ్చిన ప్రతి పుటపైనను "ఇది దశరథ పుత్రుడు", "ఇది జమదగ్ని పుత్రుడు" అని చిన్న చీటీ అంటించియుండినచో, మనకు ఒక్క చూపుతో పని తీరెడిది. చీటీ లేనందున ప్రతి పుటయు మనమే చదువవలెను. పుటలు పది అయినచో చదువవచ్చును. పదివేలయినచో ఏమి చేయుదుము?

ఈ అవసరమును మన పూర్వులు ఎరుగనివారు కారు. కాత్యాయనుని పేర ప్రసిద్ధమైన సర్వానుక్రమణి ఋగ్వేదమునకు పట్టిక వంటిది. అందు ప్రతి సూక్తమునకును తొలి పదములు, ఋక్కుల సంఖ్య, ఋషి, దేవత, ఛందస్సు చెప్పబడినవి. తొలి పదములు సూక్తము ఏదియో పట్టియిచ్చును. తక్కిన మూడును ఆ సూక్తము ఎవరిది, ఎవరిని గూర్చినది, ఏ నడకలోనిది అని తెలుపును. అనగా చోటును, చోటులోని వస్తువు స్వభావమును ఒకే సూత్రములో కూర్చిన పట్టిక అది.

పాశ్చాత్యులలో ఈ పాఠము కొంత కష్టముతో నేర్వబడినది. 13వ శతాబ్దిలో పారిస్ నగరమున డొమినికన్ సన్యాసులు, సెయింట్ షేర్ హ్యూ అను పండితుని ఆధ్వర్యమున, లాటిను బైబిలునకు పదసూచిని కూర్చిరి. పదము అకారాదిగా ఇచ్చి, అది వచ్చు గ్రంథము, అధ్యాయము, ఆ అధ్యాయములో ఏ భాగము అని అక్షరపు గుర్తుతో సూచించిరి. అంతకుమించి ఏమియు లేదు. ఒక పదము వేయి చోట్ల వచ్చినచో వేయి చోట్లును త్రిప్పి చూడవలసినదే. తరువాతి తరమువారు ప్రతి చోటను ఆ పదము చుట్టునున్న వాక్యభాగమును కూడ చేర్చిరి. గ్రంథము మిక్కిలి బరువైనది. మూడవ ప్రయత్నమున సందర్భమును నాలుగైదు మాటలకు కుదించగా సూచి కుదురుకొన్నది. చోటు మాత్రమే చెప్పిన సూచి చాలదు. అంతయు చెప్పిన సూచి మోయరాదు. చాలినంత చెప్పునదే సూచి. ఏడువందల యేండ్ల తరువాత కంప్యూటరులవారు ఈ మూడు మెట్లను మరల మొదటినుండి ఎక్కిరి.

తెలుగువారికి ఇంకొక దగ్గరి దృష్టాంతము కలదు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. అందు ప్రతి పదమునకును ప్రక్కన చిన్న సంకేతాక్షరములు కనబడును. ఇది సంస్కృతసమము, ఇది వైకృతము, ఇది దేశ్యము, ఇది విశేష్యము అని ఆ రెండు మూడు అక్షరములు తెలుపును. అర్థము చదువక ముందే పాఠకునికి పదము జాతి తెలిసిపోవును. ఒకే రూపముగల రెండు పదములు వరుసగా వచ్చినప్పుడు ఆ అక్షరములే దారి చూపును. ఈ నిఘంటువును వాడిన ఇంటివారందరును, పేరు తెలియకున్నను, చీటీ ప్రయోజనమును అనుభవించినవారే.

ఇక ప్రోగ్రాముల సంగతి. ప్రోగ్రాము అనగా కంప్యూటరునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల పత్రము. అందులో పనులకును, విలువలకును పేర్లు పెట్టుదురు. ఒక బ్యాంకు ప్రోగ్రాములో "వడ్డీ" అను పేరు ఉన్నదనుకొందము. ఒకచోట వడ్డీ ఎట్లు లెక్కింపవలెనో వ్రాసియుండును, అది నిర్వచనము. పదిచోట్ల ఆ లెక్కను పిలిచి వాడుకొందురు, అది ఉపయోగము. ఒకచోట దానికి క్రొత్త విలువ ఇత్తురు, అది మార్పు. ఇంకొకచోట వ్రాసినవాడు తోటివారికై "వడ్డీ సంగతి మరల చూడవలెను" అని గమనిక వ్రాసికొనును. యంత్రము దానిని చదువనే చదువదు. వేరొకచోట ఖాతాదారునికి అచ్చువేయు రసీదులో ఆ మాట ఉండును. అది వట్టి ముద్రితాక్షరము. అక్షరములు అవే, జాతులు ఐదు. వడ్డీ లెక్క మార్చవలసినవాడు గమనికను మార్చినచో ఏమియు కాదు. రసీదులోని మాటను మార్చినచో ఖాతాదారుడు తికమకపడును. నిర్వచనమును మార్చి ఉపయోగములను మరచినచో ఎవరో ఒకరి సొమ్ము మునుగును.

పరిమాణము కూడ తలచుకొనవలెను. లినక్సు అను సుప్రసిద్ధ వ్యవస్థ మూలపాఠము ఒక్కటే 2020 నాటికి 2 కోట్ల 70 లక్షల పంక్తులు దాటినది. పంక్తికి ఒక్కొక్క నిమిషము చొప్పున రేయింబవళ్లు చదివినను ఏబది యేండ్లకు పూర్తి కాదు. కనుక చదువుటకన్న వెదకుటయే ఈ వృత్తివారి నిత్యకృత్యము అయినది.

తొలి దినములలో వెదకులాట కాగితముమీదనే జరిగెడిది. 1957లో ఐ.బి.ఎం. సంస్థ ఫోర్‌ట్రాన్ భాషను వెలువరించినది. 1959, 1960 సంవత్సరములలో వ్యాపారపు లెక్కలకై కోబాల్ భాష రూపుదిద్దుకొన్నది. ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనములు, మార్పు ముగిసిన పిదప, కాగితపు దస్త్రము చివర ఒక పట్టికను అచ్చువేయుట వాడుక అయినది. అందులో పేరు, అది నిర్వచింపబడిన పంక్తి సంఖ్య, దానిని వాడిన పంక్తుల సంఖ్యలు వరుసగా ఉండును. నిర్వచనమునకు వేరు గడి, ఉపయోగములకు వేరు గడి. గడియే చీటీ. తరువాతి కాలపు ఐ.బి.ఎం. కోబాల్ పట్టికలలో ఇంకొక మెరుగు వచ్చినది. ఏ పంక్తిలో ఆ పేరుగల విలువ మారుచున్నదో, ఆ పంక్తి సంఖ్యకు ముందు "ఎం" అను ఒక్క అక్షరము అచ్చువేయబడును. ఒకే ఒక్క అక్షరము! కాని ఖాతా నిలువ ఎక్కడ తప్పుచున్నదో వెదకువానికి వంద పంక్తులు పది పంక్తులగును.

ఆ కాలముననే గ్రంథాలయ రంగమున హాన్స్ పీటర్ లూన్ అను ఐ.బి.ఎం. ఇంజనీరు వ్యాసముల పేర్లకు ఒక సూచిని యంత్రముచే చేయించినాడు. 1958లో వాషింగ్టనులో జరిగిన విజ్ఞాన సమాచార మహాసభలో దీనిని పలువురు చూచిరి. వెదకు పదమును పుట నడుమ నిలువుగా నిలిపి, ముందు వెనుకల మాటలను ఇరువైపుల చూపుట దాని పద్ధతి. పారిస్ సన్యాసుల మూడవ సూచిలోని యుక్తియే ఇది. చేసినది యంత్రము, అంతే భేదము.

కాగితమునుండి తెరకు వచ్చిన మొదటి ప్రసిద్ధ సాధనము గ్రెప్. దీనిని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్ వ్రాసెను. 1973 నాటి యూనిక్సు వ్యవస్థలో ఇది చోటుచేసికొన్నది. "అంతటను వెదకి, ఈ రూపముగల పంక్తిని అచ్చువేయుము" అను ఒక పాత ఆజ్ఞయొక్క పొడి అక్షరములే దాని పేరు. గ్రెప్ చేయు పని స్వచ్ఛమైనది: అక్షరములు ఉన్న పంక్తి కనబడగానే చూపును. ఏ భాషయైనను దానికి ఒక్కటే, వేగము అపారము. అర్ధ శతాబ్ది గడచినను దానిని వాడని ప్రోగ్రామరు అరుదు. కాని అది మన కథలోని బాలుని వంటిది. పరశురాముడును దానికి రాముడే.

గ్రెప్ చరిత్రలో ఒక చిన్న విశేషము చీటీ విలువను చక్కగా చెప్పును. అనేక ఫైళ్లలో వెదకుమన్నచో అది ప్రతి పంక్తికి ముందు ఫైలు పేరును చూపును. ఒకే ఫైలులో వెదకుమన్నచో పేరు చూపదు. ఏ ఫైలో నీకే తెలియును గదా అని దాని తర్కము. కాని వెదకులాటను మరియొక ప్రోగ్రాము నడిపించునప్పుడు, ఎన్ని ఫైళ్లు వచ్చునో ముందుగా తెలియదు. ఒక్కొక్కప్పుడు ఒకటే రావచ్చును. అప్పుడు పంక్తి మాత్రము మిగిలి, ఊరు పేరు లేని ఉత్తరమువలె చేతికందును. అందుచేత అనుభవజ్ఞులు, ఎల్లప్పుడును ఖాళీగా ఉండు ఒక ఉత్తుత్తి ఫైలు పేరును రెండవదిగా చేర్చి, గ్రెప్‌చే మొదటి ఫైలు పేరును చెప్పించెడివారు. తరువాత దీనికై ప్రత్యేకమైన సూచననే చేర్చిరి. చీటీ లేనిచోట మనుజుడు ఏదో ఒక ఉపాయముచే చీటీని పుట్టించుకొనును.

అక్షరములను గాక అర్థమును వెదకు ప్రయత్నములు కూడ అదే దశకమున మొదలైనవి. ఇంటర్‌లిస్ప్ అను వ్యవస్థలోని మాస్టర్‌స్కోప్‌ను, ఈ పనిని ఎవరు పిలుచుచున్నారు, ఈ విలువను ఎవరు మార్చుచున్నారు అని దాదాపు వాడుకమాటలలోనే అడుగవచ్చును. జిరాక్సు సంస్థవారి పరిశోధనశాలలో రూపొందిన స్మాల్‌టాక్ భాషలో ఒక సందేశమును పంపువారి పట్టిక వేరు, దానిని అమలుచేయువారి పట్టిక వేరు. ప్రశ్నయే రెండుగా చీలినది కనుక సమాధానములో కలగాపులగము లేదు.

యూనిక్సువారి త్రోవ వేరు. బర్కిలీ విశ్వవిద్యాలయమువారి వ్యవస్థలో, 1970 దశకము చివర, కెన్ ఆర్నాల్డ్ వ్రాసిన సీట్యాగ్స్ అను సాధనము వచ్చినది. నిర్వచనములను మాత్రమే ఏరి, పేరు, ఫైలు, చోటు అను మూడు గడుల పట్టికను అది కట్టెడిది. పేరుపై ఉండి ఒక మీట నొక్కినచో నేరుగా నిర్వచనమువద్దకు చేర్చెడిది. ఇది గొప్ప సౌకర్యమే. అయితే ఒకే పేరు రెండు ఫైళ్లలో నిర్వచింపబడినచో? పాత సీట్యాగ్స్ ఒక హెచ్చరిక పలికి, రెండవదానిని విడిచిపెట్టెడిది. ఒక ఊరిలో ఇద్దరు సుబ్బారాయుళ్లు ఉన్నారని చెప్పి, ఉత్తరములన్నియు మొదటివానికే అందించిన తపాలవాని తీరు అది. మన పల్లెలలో ఇంటిపేరు, తండ్రిపేరు చేర్చి మనిషిని గుర్తించు ఆచారము ఊరక పుట్టలేదు. 1996లో డారెన్ హీబర్ట్ వ్రాసిన ఎగ్జూబరెంట్ సీట్యాగ్స్ ఆ ఇంటిపేరును తెచ్చినది. ప్రతి పేరునకును ఇది పని, ఇది విలువ, ఇది విలువల కూర్పు అను జాతిసంకేతమును, ఏ కూర్పునకు చెందినదో ఆ వివరమును చేర్చినది. శబ్దరత్నాకరములోని పొడి అక్షరములకు ఇవి సోదరులని మా అభిప్రాయము.

బెల్ ప్రయోగశాలలలోనే 1980 దశకారంభమున జో స్టెఫెన్ సీస్కోప్ అను సాధనమును వ్రాసెను. తెర క్రిందిభాగమున అది ప్రశ్నల పట్టికను నిలిపినది: ఈ పేరు ఎక్కడెక్కడ కలదు, దీని నిర్వచనము ఎక్కడ, ఇది పిలుచు పనులేవి, దీనిని పిలుచు పనులేవి, ఈ అక్షరములు ఎక్కడ కలవు. పై భాగమున ఫలితములు వరుసగా నిలుచును: ఫైలు, ఏ పని లోపల, ఏ పంక్తి, ఆ పంక్తి పాఠము. "ఏ పని లోపల" అను ఆ ఒక్క గడి వలన ఎంతో శ్రమ తీరినది. ఫైలు పేరు ఊరువంటిది. పని పేరు వీధివంటిది. 2000 సంవత్సరము ఏప్రిలులో ఇది అందరికిని స్వేచ్ఛగా లభించునట్లు విడుదల చేయబడినది.

ఈ చరిత్ర తెలుగువారి ఇండ్లను తాకిన ఘట్టము 2000 సంవత్సరపు తేదీల సమస్య. వెనుకటి ప్రోగ్రాములలో చోటు ఆదాకై సంవత్సరమును రెండంకెలతో వ్రాసిరి. 99 తరువాత 00 వచ్చును. అది 2000 అని మనకు తెలియును గాని యంత్రము 1900 అని తలచును. ఫించనులు, వడ్డీలు, భీమా గడువులు అన్నియు సంవత్సరముల తీసివేతపై నిలిచినవి. ప్రపంచమంతటను కోట్లకొలది కోబాల్ పంక్తులను వెదకి దిద్దవలసివచ్చినది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. అమీర్‌పేటలోని శిక్షణాలయములలో కోబాల్ పాఠములకు యువకులు బారులు తీరిరి. ఎందరో తెలుగు యువతీయువకులు ఈ పనిపైననే మొదటిసారి సముద్రము దాటి అమెరికాకు వెళ్లిరి. నేడు అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములలో అనేకములకు తొలి జీతము ఈ వెదకులాటనుండి వచ్చినదే.

ఆ పనిలోని కష్టము ఏమి? "డేట్" అను అక్షరములు వెదకినచో "అప్‌డేట్" వచ్చును, "వ్యాలిడేట్" వచ్చును, "క్యాండిడేట్" కూడ వచ్చును. అందులో ఏదియు తేదీ కాదు. మరియొక ప్రక్క, నిజమైన తేదీలు పొడి పేర్లతోను, తేదీ అను సూచనయే లేని పేర్లతోను దాగియుండును. అందుచేత కొన్ని పేర్లను విత్తనములవలె తీసికొని, ఆ విలువ ఏ పేరునుండి ఏ పేరునకు పోవుచున్నదో వెంబడించు సాధనములను వాడిరి. దొరికిన తరువాతను అన్నియు ఒకటి కావు. కొన్నిచోట్ల తేదీని కాగితముపై అచ్చువేయుట మాత్రమే జరుగును. దానిని విడిచిపెట్టినను నష్టము స్వల్పము. కొన్నిచోట్ల రెండు తేదీలను పోల్చుదురు, ఒకదానినుండి ఒకటి తీసివేయుదురు, వరుసలో పేర్చుదురు. అక్కడ దిద్దకున్నచో ప్రమాదము. ఇది అచ్చు, ఇది పోలిక, ఇది తీసివేత అని ఫలితములను విడదీసి చీటీ వేయుటయే ఆ మహాకార్యములో సగము పని. 2000 జనవరి 1వ తేదీన లోకము సుఖముగా మేల్కొన్నది. ఏమియు జరుగలేదు గనుక ఏ ప్రమాదమును లేకుండెనని కొందరు పరిహసించిరి. ఇల్లు కాలకపోవుటకు నీళ్లు పోసినవారు కారణమని ఎవరికి గుర్తుండును?

అదే దశకమున వెదకులాట గడి విడిచి వలపుటపైకి వచ్చినది. నార్వే దేశపు ఆస్లో నగరమున ఇద్దరు విద్యావంతులు లినక్సు మూలపాఠమునకై ఎల్.ఎక్స్.ఆర్. అను సూచిని నిర్మించిరి. పేరుపై నొక్కినచో, "పనిగా నిర్వచింపబడిన చోటు" అని ఒక శీర్షిక, "వాడబడిన చోట్లు" అని మరియొక శీర్షిక క్రింద ఫలితములు కనబడెడివి. మొజిల్లా సంస్థవారు దీనిని తమ బ్రౌజరు మూలపాఠమునకు తెచ్చుకొనిరి. తరువాత వారు నిర్మించుకొన్న సెర్చ్‌ఫాక్స్‌లో ఫలితములు ఇంకను విశదముగా వర్గీకరింపబడినవి. నిర్వచనములు ఒక గుంపు, ప్రకటనలు ఒక గుంపు, ఉపయోగములు ఒక గుంపు. ఏ జాతియో తేలక అక్షరములు మాత్రమే కలిసినవి అన్నిటికి చివర "అక్షర సామ్యములు" అను భావముగల శీర్షిక క్రింద వేరుగా నిలుచును. అసలు పాఠము వేరు, పరీక్షలకై వ్రాసిన పాఠము వేరు, యంత్రమే పుట్టించిన పాఠము వేరు. యంత్రము పుట్టించిన దానిని చేతితో దిద్దినచో మరునాడు అది మరల పూర్వరూపమునే పొందును. ఆ సంగతి శీర్షికయే చెప్పుచున్నది గనుక ఒకదినపు వృథాశ్రమ తప్పుచున్నది.

గూగుల్ సంస్థవారు 2006 అక్టోబరులో లోకములోని బహిరంగ మూలపాఠములన్నిటిని వెదకు సాధనమును తెరచి, 2012 జనవరిలో మూసివేసిరి. మూడేసి అక్షరముల గుంపులతో సూచి కట్టుట అందలి కిటుకు అని రస్ కాక్స్ ఆ నెలలోనే వివరించి వ్రాసెను. వేగమునకు అది మేలుబంతి. కాని వేగము పెరిగినకొలది ఫలితముల రాశి పెరుగును. రాశి పెరిగినకొలది చీటీ అవసరమును పెరుగును.

ఒకే గుర్తునకు రెండు అర్థములున్నచో ఎంత ముప్పు వాటిల్లునో 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికను వాటాల విపణి చూచినది. నైట్ క్యాపిటల్ అను సంస్థ తన ప్రోగ్రాములో ఒక క్రొత్త పనిని చేర్చుచు, దానిని ప్రారంభించుటకు పాతకాలపు గుర్తునొకదానిని తిరిగి వాడుకొన్నది. ఆ గుర్తు వెనుకటి రోజులలో వేరొక పనిని మేల్కొలుపునది. ఆ పనిని 2003లోనే వాడుకనుండి తొలగించిరి గాని, దాని పంక్తులు మాత్రము మూలపాఠములో అట్లే ఉండెను. ఎనిమిది యంత్రములలో ఏడింటికి క్రొత్త పాఠము చేరినది, ఎనిమిదవదానికి చేరలేదు. ఉదయము విపణి తెరువగానే ఆ ఎనిమిదవ యంత్రములో పాత పని మేల్కొన్నది. 45 నిమిషములలో 154 వాటాలలో 40 లక్షలకు పైగా వ్యాపారములు జరిగినవి. నష్టము 46 కోట్ల డాలర్లను మించినది. ఇది వెదకు సాధనము దోషమని మేము చెప్పుట లేదు. యంత్రమునొకదానిని మరచుట అందలి పెద్ద లోపము. కాని ఆ గుర్తుకు ప్రక్కన "ఇది మృతమైన పనిని కూడ పిలుచును" అను చీటీ దిద్దువారి కన్నుల ఎదుట నిలిచియుండినచో, ఆ గుర్తును ఎన్నుకొనుటకు చేయి ఆడియుండునా?

2016 జూనులో మైక్రోసాఫ్ట్ సంస్థవారు, మరి రెండు సంస్థలతో కలిసి, ఒక ఉమ్మడి ఒడంబడికను ప్రకటించిరి. ప్రోగ్రాములు వ్రాయు సాధనములకును, ఆయా భాషలను ఎరిగిన సహాయకులకును నడుమ సంభాషణ ఎట్లు జరుగవలెనో అది నిర్ణయించును. నిర్వచనమును అడుగుట వేరు, ఉపయోగములను అడుగుట వేరు. ఉపయోగములను అడుగునప్పుడు ప్రకటనను కలుపవలెనా వలదా అని కూడ చెప్పవచ్చును. కనబడిన పేరు చదువబడుచున్నదా, వ్రాయబడుచున్నదా, వట్టి అక్షరమా అని మూడు జాతులను అది గుర్తించును. కాగితముపై ఒకనాడు అచ్చుపడిన ఆ "ఎం" అక్షరమే ఇక్కడ అందరికిని ఉమ్మడి భాష అయినది.

ఇటీవలి సంవత్సరములలో ఇంకొక మంచి మర్యాద వచ్చినది. సోర్స్‌గ్రాఫ్, గిట్‌హబ్ వంటి చోట్ల ఫలితముప్రక్కన, ఇది భాషానియమములచొప్పున నిశ్చయించినది, ఇది అక్షరములను బట్టి ఊహించినది అని రెండు తెగల చీటీలు కనబడుచున్నవి. సాధనము తన జ్ఞానపు హద్దును తానే ఒప్పుకొనుట ఇది. పంచాంగములో గణితము వేరు, ఫలము వేరు అని ఎరిగిన మనకు ఈ భేదము సులభముగా బోధపడును. ఊహను నిశ్చయముగా అమ్ముటకన్న, ఊహ అని చెప్పి ఇచ్చుట మేలు. 

ఈ చరిత్రనుండి చీటీ లక్షణములు కొన్ని తేలుచున్నవి. చీటీ మాటలలో ఉండవలెను. పచ్చరంగు నిర్వచనము, ఎర్రరంగు మార్పు అని రంగులతో మాత్రమే చెప్పినచో, రంగుల భేదము తెలియని చూపుగలవారికిని, తెరను చెవితో వినువారికిని అది లేనట్లే. కేవలము రంగుపై ఆధారపడరాదని 1999లో వెలువడిన వలపుటల నియమావళియే చెప్పినది. రేడియో శ్రోతలకు ఇది విదితమే: చూపుతో కాక చెవితో లోకమును తెలిసికొనువారికి మాటయే గుర్తు. చీటీ ఫలితముతోడనే ఉండవలెను. వేరొక పుటలో వివరణపట్టిక ఉంచి అక్కడ చూచుకొమ్మనరాదు. జాతులను గుంపులుగా విడదీసి, ప్రతి గుంపులో ఎన్ని ఉన్నవో చెప్పవలెను.

అన్నిటికన్న కష్టమైన చీటీ శూన్యముపై వేయవలసినది. వెదకగా ఏమియు దొరకలేదు. ఆ పేరు నిజముగా లేదా? లేక ఆ ఫైళ్లను సాధనము చూడనే లేదా? సూచి నిన్నటిదై, పంక్తి నేటిదా? మూడింటికిని తెరపై "ఫలితములు లేవు" అను ఒకే మాట వచ్చినచో, వినువాడు మొదటి అర్థమునే గ్రహించును. ఎవరును వాడుట లేదనుకొని పనిని తొలగించును. మరునాడు ఎక్కడో ఒక వృద్ధుని ఫించను ఆగును. ఇంట లేరు అనుట వేరు. తలుపు తట్టలేదు అనుట వేరు. తపాలబంట్రోతు ఈ రెంటికిని ఒకే ముద్ర వేసినచో మనము సహింతుమా?

నేడు ప్రశ్నకు పట్టికను గాక, నిండు వాక్యములతో సమాధానమిచ్చు యంత్రములు కూడ వచ్చినవి. వాక్యము చక్కగా ఉన్నకొలది, అందులో ఏది చూచి చెప్పినది, ఏది అల్లి చెప్పినది అని విడదీయుట కష్టమగును. కనుక పాత అవసరము తీరలేదు, మరింత పెరిగినది. సర్వానుక్రమణి ఋషిని, దేవతను, ఛందస్సును వేరు వేరుగా పేర్కొన్న ఓర్పు, శబ్దరత్నాకరకర్త ప్రతి పదమునకు జాతి నిర్ణయించిన నిష్ఠ, ఈ క్రొత్త యంత్రములను నిర్మించువారికిని కావలసినవే.

వెదకిపెట్టువాని వేగమును లోకము మెచ్చుకొనును. తెచ్చిన వస్తువును అందించుచు ఇది ఫలానిది, ఇంతవరకే నాకు తెలియును అని చెప్పువాని మాటను మాత్రము అంతగా గమనింపదు. అయినను మన నిలువలు, మన గడువులు, మన మందుల లెక్కలు క్షేమముగా ఉండుట ఆ రెండవవాని పుణ్యముననే. పేరు కనబడినంతమాత్రమున వస్తువు దొరికినట్లు కాదు. ఏ పేరు ఏ వస్తువుదో తెలిసిన నాడే వెదకులాట ముగియును.